అమ్మ మాట వినలేని కొడుకు: ఒక గ్రంథ పరిశీలన

మనలో చాలామందిమి అమ్మ నోట వినని తెలుగును సాయంకాలపు తరగతులలో అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్నాం. అటువంటి మనకు, పుట్టుకతో వచ్చిన భాషనుండే పారిపోజూచిన మనిషి కథ వింతగా తోచవచ్చు. న్యూయార్కులో పుట్టిన లూయీ వుల్ఫ్‌సన్ 1970లో ఫ్రెంచిలో ప్రకటించిన ‘ల స్కిజో ఎ లే లాంగ్’ అటువంటి గ్రంథం. మారిషస్‌లో ఫ్రెంచి చదివినవారికి ఇది అందుబాటులోనిదే. ఓపిక మాత్రం కావాలి.

వుల్ఫ్‌సన్ స్కిజోఫ్రీనియా రోగి. ఇంగ్లీషు, అందులోనూ తల్లి నోటి ఇంగ్లీషు, చెవిన పడితే ఆయనకు భరింపరాని బాధ. చెవులలో వేళ్లు పెట్టుకొనేవాడు. అదీ చాలక, విన్న మాటను అర్థమూ ధ్వనీ రెండూ కలిసివచ్చే పరభాషా పదంగా మార్చుకొనేవాడు. చెట్టును ఇంగ్లీషులో ‘ట్రీ’ అంటారు. అందులోని టకారాన్ని దకారం చేసి, రేఫను నిలిపి, రష్యన్ ‘దేరెవో’ను చేరుకొనేవాడు. ఇందుకోసమే ఫ్రెంచి, జర్మన్, రష్యన్, హీబ్రూ భాషలను అభ్యసించాడు.

1908లో ఈ వ్యాధికి పేరు పెట్టిన స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్, తలపుకూ తలపుకూ మధ్య ముడి సడలడం దీని ముఖ్య లక్షణమన్నాడు. కొందరు రోగుల మాట అర్థాన్ని విడిచి ధ్వని వెంట పోతుంది: పాలు, పాము, పాట అన్నట్లు. కొందరు కొత్త పదాలు కల్పిస్తారు. కొందరు ఒకటి రెండు మాటలతో ఊరుకుంటారు. అందరి మాటా ఇలా మారదు. వుల్ఫ్‌సన్ ధ్వనిని పట్టుకున్నాడు గాని అర్థాన్ని వదలలేదు.

పీఠిక రాసిన తత్త్వవేత్త జిల్ దెల్యూజ్ ఈ పద్ధతిని రచయిత రేమోఁ రూసెల్ పద్ధతితో పోల్చి చూశాడు. విలువైన పోలికే. కాని పద్ధతిలోని చమత్కారం చూసి మురిసేవారు దాని వెనుక ఉన్న బాధను మరువరాదు. రచయిత తనను గురించి ‘నేను’ అనక, ఎవరో పరాయివానిని గురించి చెప్పినట్లు ‘అతడు’ అనే రాశాడు. ఆ ఒక్క సర్వనామం నన్ను పదాల గారడీ కంటె ఎక్కువగా కదిలించింది.

గ్రంథంలో లోపాలున్నాయి. చెప్పినదే చెప్పడం విసుగు పుట్టిస్తుంది. తల్లి మాట కొడుకు చెవికి తగిలినంత మేరకే మనకు తెలుస్తుంది. ఆమె గోడు వినిపించదు.

అయినా చదవవలసిన పుస్తకం. మన ఇళ్లలో ఎవరి మాటైనా తీరు తప్పితే, పిచ్చి మాటలని నవ్వుతాం, లేదా దయ్యమని దాస్తాం. వైద్యుని దగ్గరకు ఆలస్యంగా పోతాం. అర్థం లేదనిపించే మాట వెనుక ఎంత శ్రమ, ఎంత భయం ఉండవచ్చునో వుల్ఫ్‌సన్ చూపాడు. వైద్యం చేయించాలి, చెవి ఒగ్గి వినాలి కూడా.