చెక్కిన అక్షరం జోలికి పోకుండా

బస్తరు రాజు దిక్పాలదేవుడి కాలంలో, 1703లో, దంతెవాడ దంతేశ్వరి గుడికి ఒక సంస్కృత శాసనం వేయించారు. కలియుగంలో సంస్కృతం చదివేవాళ్లు తక్కువని తలచి, అదే సంగతిని వాడుక భాషలో వేరే రాతి మీద చెక్కించారు. మొదటి రాయి జోలికి పోలేదు.

జావా ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్ గురించి చెప్పాల్సి వస్తే నాకు ఈ రెండు రాళ్లే గుర్తొస్తాయి. ఉదాహరణకు బారసూరు పేరు తీసుకుంటాను. నాగవంశపు రాణి గంగమహాదేవి తెలుగు శాసనం దొరికిన ఊరు అది. "బారసూరు" అనే స్ట్రింగ్‌కు "గుడి" కలపమని కాన్‌క్యాట్ పిలిచి, ఆ మొదటి స్ట్రింగ్‌నే ప్రింట్ చేస్తే మళ్లీ బారసూరే వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు కంగారు పడతారు. కలపడం జరిగింది, ఫలితం కొత్త ఆబ్జెక్టుగా పుట్టింది కూడా. దాన్ని ఏ వేరియబుల్‌లోనూ పెట్టుకోలేదు, అంతే. వేరియబుల్‌ను కొత్త ఆబ్జెక్టు వైపు తిప్పవచ్చు. పాత ఆబ్జెక్టులో అక్షరం మాత్రం మారదు.

ఎందుకింత పట్టుదల? ఒక ఫైలు తెరిచే అనుమతి ఉందో లేదో ప్రోగ్రాం పరిశీలించిందనుకోండి. పరిశీలనకూ తెరవడానికీ మధ్య ఇంకో థ్రెడ్ ఆ పేరునే మార్చేయగలిగితే ఆ కాపలా దేనికి? హాష్‌మ్యాప్‌లో కీ స్థానం దాని అక్షరాలను బట్టే తేలుతుంది. అక్షరాలు మారితే లోపల ఉన్న వస్తువే దొరకదు. పది చోట్ల రాసిన ఒకే మాటకు ఒకే ఆబ్జెక్టు సరిపోతున్నదీ అది మారదన్న నమ్మకం మీదే.

దీనికి ఖర్చుంది. పదివేల అక్షరాలను లూప్‌లో ఒక్కొక్కటిగా ప్లస్‌తో అతికిస్తే, ప్రతిసారీ కొత్త స్ట్రింగ్ తయారై, మొత్తం దాదాపు 5 కోట్ల అక్షరాలు రాయాల్సి వస్తుంది. అలాంటి చోట స్ట్రింగ్‌బిల్డర్ వాడాలి. అందులో ఎంత మార్చుకున్నా ఫర్వాలేదు, పని పూర్తయ్యాకే స్ట్రింగ్‌గా బయటికి ఇస్తాం.

స్ట్రింగ్ మారదన్న సంగతిని ఇంటర్వ్యూ ప్రశ్నగా బట్టీపట్టడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆబ్జెక్టును ఇతరుల చేతికి ఎలా ఇవ్వాలో నేర్పే మొదటి పాఠం ఇదే. జావా మొదట తెచ్చిన డేట్ క్లాసులో ఈ రక్షణ లేదు. తేదీని ఎవరికైనా ఇస్తే వాళ్లు దాన్నే మార్చేయగలరు కాబట్టి జాగ్రత్తపరులు నకలు తీసి ఇచ్చేవారు. 2014లో జావా 8 తెచ్చిన లోకల్‌డేట్‌కు రోజులు కలిపితే కొత్త తేదీ వస్తుంది, పాతది అలాగే ఉంటుంది.