గట్టు మీద నిలబడ్డవాళ్లు

తెలుగు సాహిత్యంలో క్రూరమృగం ఎదురైనప్పుడు ఆడవాళ్లు ఎక్కడ ఉంటారు? ఈ ప్రశ్న వేసుకోగానే నాకు మొదట గుర్తొచ్చేది పోతన. భాగవతం అష్టమ స్కంధంలో మొసలి పట్టుకి చిక్కిన గజేంద్రుడి మొర మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఆ మడుగు దగ్గరే ఆడ ఏనుగుల మంద కూడా ఉందన్న సంగతి మాత్రం అంతగా గుర్తుండదు. మొసలితో పెనుగులాడుతున్న మగడిని ఒంటరిగా వదిలిపోవడానికి కాళ్లు రాక అవి చూస్తూ ఉండిపోయాయంటాడు పోతన. అంతటితో ఆగకుండా, ఆడవాళ్లకి మగలే కదా బంధం అన్న అర్థంలో ఒక లోకోక్తి లాంటి మాట చేరుస్తాడు. ఏళ్ల తరబడి సాగిన ఆ పోరులో వాటికి దాహం వేసిందా, పిల్లలు ఏమయ్యాయి, మొసలి ఉన్న నీళ్లలోకి అవి మళ్లీ ఎలా దిగాయి అన్నవి కావ్యానికి పట్టలేదు. ప్రమాదం మగవాడిది, మొర మగవాడిది, మోక్షమూ మగవాడిదే. ఆడవాళ్లకి మిగిలింది గట్టు.

రెండో చోటు అనంతామాత్యుడు ఇచ్చాడు. 15వ శతాబ్దపు భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం మన పాఠ్యపుస్తకాల్లోకి కూడా వచ్చిన కథ. పులికి చిక్కిన ఆవు, బిడ్డకి పాలిచ్చి వస్తానని మాటిచ్చి వెళ్తుంది. దూడకి పాలిచ్చి, నాలుగు బుద్ధులు చెప్పి, మాట ప్రకారం తిరిగొస్తుంది. పులి మనసు కరుగుతుంది. కన్నడంలో పుణ్యకోటి పాటగా ఊరూరా పాడుకునే కథ కూడా ఇదే. అందులో పులి సిగ్గుపడి ప్రాణమే తీసుకుంటుంది. చిన్నప్పుడు ఈ కథ విని కన్నీళ్లు పెట్టుకోని ఆడపిల్ల ఉండదేమో. ఆ కన్నీళ్ల వెనక ఉన్న ఒప్పందం ఏమిటో మాత్రం పెద్దయ్యాక చూసుకోవాలి. తల్లివైతే, సత్యవంతురాలివైతే, చావడానికి నీ కాళ్లతో నువ్వే నడిచి వస్తే, అప్పుడు నీ మీద దయ చూపడానికి వీలుంది. ప్రాణం ఆవుకి హక్కు కాదు, నడవడికకి దొరికే బహుమానం. మాట తప్పిన ఆవు గురించి, పిల్లలు లేని ఆవు గురించి మన దగ్గర కథ లేదు.

మూడో చోటు మరీ కఠినమైనది. అరణ్యపర్వంలో నన్నయ తెలుగు చేసిన నలదమయంతుల కథలో, భర్త నడి అడవిలో వదిలేసి పోయిన దమయంతిని కొండచిలువ పట్టుకుంటుంది. ఆమె కేక విని వచ్చిన కిరాతుడు పాముని చంపి ఆమెను విడిపిస్తాడు. వెంటనే ఆమెను కోరతాడు. పాము నుంచి కాపాడినవాడి నుంచి ఎవరు కాపాడాలి? ఆమె పాతివ్రత్యమే అతన్ని దగ్ధం చేసిందని కథ. నన్ను ఆపేది ఆ మహిమ కాదు, సంఘటనల వరస. మృగం, రక్షకుడు, రక్షకుడే మృగం కావడం, ఇదంతా ఒక్క గుక్కలో జరిగిపోతుంది. సంస్కృత మూలంలో దమయంతి ఆ తర్వాత ఎదురొచ్చిన పులి దగ్గరికి జంకు లేకుండా నడిచివెళ్లి నలుడి జాడ అడుగుతుంది. ఆమెకి అప్పటికి అడవిలో ఎవరికి భయపడాలో తెలిసిపోయిందని నేను చదువుకుంటాను.

ఆధునిక సాహిత్యానికి వస్తే కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' పక్కన పెట్టడానికి వీల్లేని పుస్తకం. పందులు మేపే ముసలివాడు, ఈనడానికి అడవిలోకి పోయిన పంది, ఒక రాత్రి, నక్కలు. బతుకుతెరువు కోసం మృగాల మధ్యకి వెళ్లిన పేదవాడిని అంత నిబ్బరంగా రాసిన నవల మనకి ఇంకొకటి అరుదు. అయితే ఆ నవలలో నన్ను వదలనిది ముసలివాడి కన్నా పంది. అప్పుడే ఈని, పిల్లలను పొట్ట కింద పెట్టుకుని, మేపినవాడినే దగ్గరికి రానివ్వని తల్లి. అతని వైపు నుంచి చూస్తే అది ప్రమాదం. దాని వైపు నుంచి చూస్తే ప్రమాదం అతనే. ఆ రెండో చూపుకి కూడా చోటిచ్చినందుకే కేశవరెడ్డి పెద్ద రచయిత. కాని విమర్శకులు ఎక్కువగా పట్టుకున్నది మొదటి చూపునే. మానవుడి పోరాటం, ప్రకృతి, జయాపజయాలు అంటూ రాసుకుంటూ పోయాం. శీర్షికలో ఉన్న 'అతడు'ని ఎవరూ నిలబెట్టి అడిగినట్టు కనిపించదు.

వేట సాహిత్యానికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన జిమ్ కార్బెట్‌ని కూడా ఇలాగే తిరిగి చదవాలి. 1944లో వచ్చిన కుమావూ నరభక్షక పులుల పుస్తకంలో చంపావత్ ఆడపులి కథ ఉంది. 1907లో కార్బెట్ చంపేనాటికి అది నేపాల్‌లో, కుమావూలో కలిపి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. ఆ కథలో పులి వాత పడేవాళ్లు ఎవరో జాగ్రత్తగా చూడండి. గడ్డి కోసేవాళ్లు, పశువులకి ఆకు కొట్టేవాళ్లు, పుల్లలు ఏరేవాళ్లు. ఎక్కువగా ఆడవాళ్లు. అందులో ఒకామె, తన అక్కచెల్లెల్ని పులి ఎత్తుకుపోతుంటే కొడవలి పట్టుకుని వెంటపడింది, దాన్ని వదిలి నన్ను తీసుకుపొమ్మని అరుస్తూ. ఆ తర్వాత ఆమెకి మాట పడిపోయింది. కార్బెట్ చంపిన పులి చర్మం తెచ్చి చూపించాక మాట తిరిగొచ్చింది. నా దృష్టిలో ఆ అధ్యాయంలో పులికి ఎదురెళ్లిన మొదటి మనిషి ఆమె. చేతిలో తుపాకీ లేదు, మంచె లేదు, ఊరి జనాన్ని పోగుచేసి పులిని తరిమే అధికారం లేదు. కాని కథలో ఆమె మాట వేటగాడి విజయానికి సాక్ష్యంగానే తిరిగొచ్చింది. గొంతు వచ్చాక ఆ పరుగు గురించి ఆమె ఏం చెప్పిందో మనకి దక్కలేదు.

ఆ దక్కనిదాని కోసమే నేను సూర్యాపేట జిల్లా మోతె మండలంలో పొలం పనులకి పోయే స్త్రీల దగ్గర కూర్చుంటున్నాను. అక్కడ పులులు లేవు. ఖమ్మం పోయే దారికి అటూ ఇటూ వరిమడులు, పత్తిచేలు, చెలకలు. అక్కడి క్రూరమృగం పాము. వాళ్లు చెప్పేవాటిని ఆరోగ్య సర్వేకి సమాచారంగా కాక, కథనాలుగా, వాటికంటూ ఒక శిల్పం ఉన్న పాఠాలుగా వినాలన్నది నా ప్రయత్నం. ఇది కొత్త దారేం కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేసినప్పుడే, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటని మాటగానే అచ్చు వేయడం నేర్పింది. ఈ సూర్యాపేట నేల మీద పుట్టిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వచ్చింది కూడా చెప్పగా విని రాసినదే.

ఈ కథనాల్లో నాకు కొట్టొచ్చినట్టు కనిపించిన మొదటి లక్షణం, అవి మృగంతో మొదలు కావు, పనితో మొదలవుతాయి. ఒకామె చెప్పిన కథ మొత్తం ఇంతే: "వరిల కలుపు తీస్తున్నం. మాది పదిమంది ముఠా. మబ్బు పట్టింది, వాన రాకముందే మడి ఒడగొట్టాలని రైతు ఎంటబడ్డడు. నాది కుడిపక్క సాలు. పురుగు ముట్టింది." ఎవరి మడి, ఏం పని, ఎంతమంది, ఎవరి తొందర, అన్నీ ఉన్నాయి. పాము చివర రెండు మాటల్లో వచ్చి పోయింది. ఊళ్లో మగవాళ్లు చెప్పే పాము కథల్లో పాము పొడవు చెప్పిన ప్రతిసారీ పెరుగుతుంది. ఈమె కథలో పాముకి కొలతే లేదు. వంగి ఉన్న మనిషికి అది కనపడలేదు కాబట్టి, కనపడనిదాన్ని ఆమె వర్ణించదు.

రెండోది పేరు. పాము అనరు, పురుగు అంటారు. కరిచింది అనరు, ముట్టింది అంటారు. పేరెత్తితే వస్తుందన్న భయం అందులో ఉందని మనకి తెలుసు. దాన్ని మూఢనమ్మకం కింద తోసేయడం తేలిక. రేపు మళ్లీ అదే మడిలో చేతులు పెట్టాల్సిన మనిషి, ఆ భయాన్ని ఎంత చిన్న మాటలో పెట్టుకుంటే అంత తేలిగ్గా మోయగలదని నాకు అనిపిస్తుంది.

మూడోది, వేటగాడి కథ 'నేను' అన్న చోట ఈ కథలు 'మేము' అంటాయి. ఎవరు కేకేశారు, ఎవరి మగడి బండి దొరికింది, ఎవరు పట్టుకుని కూర్చున్నారు, ఆమె పిల్లలకి ఆ రాత్రి ఎవరి ఇంట్లో బువ్వ పెట్టారు, ఇదంతా కథలో భాగం. కాటు ఒకరిదే, కథ మాత్రం పదిమందిది.

నాలుగోది దమయంతి కథకి నన్ను తిరిగి తీసుకుపోయింది. ఇళ్లలో మరుగుదొడ్లు లేని రోజుల గురించి ఒక నడివయసు ఆమె చెబుతూ, తెల్లవారుజామున బయటికి పోయేటప్పుడు లైటు ఎందుకు పట్టుకుపోయేవాళ్లు కాదో వివరించింది. "టార్చిలైటు ఏస్తే పురుగు నాకు కనపడతది, నేను మందికి కనపడత." ఒక్క వాక్యం. పాము నుంచి కాపాడే వెలుతురే మగవాడి కంటికి పట్టిస్తుంది. చూపు నుంచి దాచే చీకటే పాముని దాస్తుంది. ఆడదానికి అడవి అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చెప్పిన వాక్యం నేను చదివిన పుస్తకాల్లో లేదు.

ఇది ఒక్క మోతె కథ కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది, చనిపోయి ఉంటారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో, నాట్లు, కలుపుల కాలంలోనే. అంతకుముందు 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం చనిపోయినవాళ్లలో 59 శాతం మగవాళ్లు. మగవాళ్లే ఎక్కువ చనిపోతున్నారన్నది నిజం. మిగిలిన 41 శాతం గట్టు మీద నిలబడి లేరన్నదీ అంతే నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటుని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది 2017లో. మన దేశం దీనికి జాతీయ కార్యాచరణ ప్రణాళిక రాసుకున్నది 2024లో.

పులి ఉన్న చోట కూడా పోలిక ఇదే. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట మండలంలో పులి ఒక అమ్మాయిని చంపింది, పత్తిచేనులో. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలంలో ఒక యువతిని చంపింది, మళ్లీ పత్తిచేనులోనే. ఆ తర్వాత అటవీశాఖ కూలీలకి తల వెనక పెట్టుకునే ముఖం మాస్కులు పంచింది. పులి వెనక నుంచి దాడి చేస్తుంది కాబట్టి 1980లలో సుందరవనాల్లో చేసిన ప్రయోగం అది. ప్రాణం నిలిపేది ఏదైనా మంచిదే. కాని ఆ దృశ్యాన్ని ఒక పాఠకురాలిగా చూడండి. వంగి పత్తి ఏరుతున్న ఆమె అసలు ముఖం మట్టి వైపు, అట్టముఖం పులి వైపు. మన సాహిత్యం కూడా ఆమెకి ఇన్నాళ్లూ అట్టముఖమే ఇచ్చింది. సాధ్వి, తల్లి, బాధితురాలు.

వీరనారి అన్నది కూడా అలాంటి ముఖమే. ఇది మనకి మనం చెప్పుకోవాల్సిన మాట. 2014లో ఉత్తరాఖండ్‌లో మీద పడిన చిరుతను కొడవలితో చంపిన స్త్రీ గురించి పత్రికలు పొంగిపోయి రాశాయి. మనమూ పొంగిపోతాం. మోతె ఆడవాళ్లు అలాంటి కథ ఒక్కటీ చెప్పలేదు. గెలిచిన కథ దొరకలేదని వాళ్లని వదిలేస్తే, గెలుపుతోనే మనిషిని కొలిచే 'అతడి' కొలబద్దనే మనం అరువు తెచ్చుకున్నట్టు.

కొలబద్ద సంగతి సాహిత్యంతో తీరిపోదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబీమా, ఏ కారణంతో చనిపోయినా రైతు కుటుంబానికి 5 లక్షలు ఇచ్చేలా పెట్టిన పథకం. మంచి పథకం. అయితే అందులో రైతు అంటే పట్టా పుస్తకం ఉన్న మనిషి. ఒకే మడిలో, ఒకే పాము కాటుకి, గట్టు మీది యజమాని చనిపోతే రైతు చనిపోయినట్టు. నీళ్లలో వంగిన కూలి మనిషి చనిపోతే ఆ పథకం కళ్లకి ఎవరూ చనిపోనట్టే. ఎవరిది ప్రమాదం, ఎవరు కథానాయకులు, ఎవరు గట్టు మీద ఉన్నారు అని మన కావ్యాలు నేర్పిన వ్యాకరణం ప్రభుత్వ ఉత్తర్వుల దాకా పాకింది. అందుకే ఇది విమర్శకుల పని కూడా.

నేను విన్న కథల్లో ఎక్కువ భాగం ఒకే వాక్యంతో ముగుస్తాయి. బతికిన కథయినా, పక్క సాలులో మనిషి పోయిన కథయినా. "తెల్లారి మళ్ల అదే మడికి పోయినం." జయించామని వాళ్లు అనరు, కాపాడబడ్డామనీ అనరు. ఆ వాక్యంలో ఉన్న ధైర్యాన్ని మెచ్చుకుని ఊరుకోవడం విమర్శ కాదు. మళ్లీ ఎందుకు పోవాల్సి వచ్చింది, కాళ్లకి బూట్లు ఎందుకు లేవు, మందు ఉన్న ఆస్పత్రి ఎంత దూరం, పట్టా ఎవరి పేరు మీద ఉంది అని అడగడం విమర్శ. మొసలి ఉన్న మడుగులోకి ఆడ ఏనుగులు కూడా ప్రతిరోజూ నీళ్లకి దిగే ఉంటాయి. ఆ పద్యాలు ఎవరూ రాయలేదు.