వసంతం: చూసే కన్ను, బతికే ప్రాణి
'వనవాసి' నవల వెలుగులో జంషెడ్‌పూర్ అడవి

భారతీయ కావ్యలోకంలో వసంతం ఋతురాజు. మామిడి చిగురు, కోయిల కూత, మలయమారుతం కలిస్తే వర్ణన పూర్తి అయినట్లే. ఈ సంప్రదాయం పుట్టింది మాత్రం పరిశీలన నుంచే. కోయిలకు 'పరభృతం' అని పేరు పెట్టినవారు, అది కాకిగూటిలో పెరగడాన్ని కళ్ళారా చూసినవారే. కాలక్రమాన చూపు పోయి పేరు మిగిలింది. పాడేది నల్లని మగపక్షి అనీ, ఒంటినిండా చుక్కలున్న ఆడపక్షి గొంతు వేరనీ మరచి, కోయిలను గాయనిగా తీర్చిన రచనలు తెలుగులో కోకొల్లలు.

జంషెడ్‌పూర్ వసంతాన్ని అర్థం చేసుకోవడానికి ఈ వర్ణన చాలదు. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చీ గ్రామ పరిసరాలలో కర్మాగారం వెలసింది. 1919లో పట్టణానికి జంషెడ్‌జీ టాటా పేరు వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి పనికై వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. కొలిమి ఒక వంక, దళ్మా కొండలు మరొక వంక, నడుమ సువర్ణరేఖ.

ఫాల్గుణం వచ్చేసరికి ఇక్కడ మోదుగ, బూరుగ చెట్లు ఆకులేని కొమ్మలపై ఎర్రగా పూస్తాయి. ఆ పూల తేనెకై గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు మూగుతాయి. పట్టణపు చెట్లలో కంసాలిపిట్ట కూత సుత్తిమోతలా ఎడతెగక వినిపిస్తుంది. అదే సమయంలో డిమ్నా జలాశయం మీద శీతకాలం గడిపిన వలస బాతులు ఉత్తరదిక్కుకు మరలుతాయి. కావ్యవసంతంలో అందరూ వచ్చేవారే. నిజమైన వసంతంలో వెళ్ళిపోయేవారూ ఉంటారు.

దళ్మాను 1976లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 193 చదరపు కిలోమీటర్లు. ఏనుగులు, ఎలుగుబంట్లు, మొరిగే జింకలు, పెద్ద ఉడుతలు అక్కడి జీవులు. వానల తరువాత పశ్చిమ బెంగాల్ వైపు సాగే ఏనుగుల మందలు, ఎండలు ముదిరేవేళకు దళ్మా నీటిగుంటలను వెదుక్కుంటూ తిరిగి రావడం అలవాటు. ఆకు రాలినందువల్ల జంతువు కంటపడుతుంది. నీరు తగ్గినందువల్ల గుంట దగ్గరకు వస్తుంది. సందర్శకుడు ఏ కారణాలవల్ల ధన్యుడవుతున్నాడో, ఆ కారణాలే జంతువుకు గడ్డుకాలం. నేలరాలిన ఇప్పపువ్వు కోసం తెల్లవారకముందే ఎలుగుబంటి వస్తుంది. అదే పువ్వు ఏరుకునేందుకు పేద ఆదివాసి స్త్రీ వస్తుంది. వసంతశోభ అని బయటివారు పిలిచేది, ఆ ఇద్దరికీ ఆ పూటకు తిండి.

చూసేవాని ఆనందానికీ, బతికేవాని అవసరానికీ నడుమ ఉన్న ఈ దూరాన్ని నిజాయితీగా అంగీకరించిన భారతీయ నవలల్లో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రచించిన 'ఆరణ్యక్' ముఖ్యమైనది. 1939లో గ్రంథరూపం పొందిన ఈ వంగ నవలను సూరంపూడి సీతారాం 'వనవాసి' పేరుతో తెనిగించారు. కథాస్థలం భాగల్పూర్ ప్రాంతపు అడవులు. అయినా సింగ్‌భూమ్‌తో రచయితకు గాఢమైన బంధం ఉంది. జంషెడ్‌పూర్‌కు సమీపంలోని ఘాట్‌శిలలో ఆయన నివసించాడు. 1950లో అక్కడే కన్నుమూశాడు.

కథానాయకుడు సత్యచరణ్ జమీందారీ ఉద్యోగి. అడవిని కౌలుదారులకు పంచడం అతని విధి. ఆ అడవినే ప్రేమించడం అతని దౌర్బల్యం. విధి గెలుస్తుంది. వెన్నెలను, పూలను, పక్షులను తనివితీరా చూసిన కన్నే వాటి నాశనానికి సాక్షి. ఆ చేతి సంతకమే దానికి కారణం. నవల పొడవునా వినిపించేది ఈ అపరాధభావమే. వర్ణనలు మాత్రమే మెచ్చుకుని ఈ భాగాన్ని విడిచిపెట్టే పాఠకుడు సగం నవలే చదివినట్లు.

సత్యచరణ్‌కు ఎదురుగా రచయిత రెండు ఆదర్శాలు నిలిపాడు. ఒకరు యుగళప్రసాద్, ఏ లాభమూ ఆశించక ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి అడవిలో నాటే మనిషి. రెండవది టాంఢ్‌బారో, వేటగాళ్ళు తవ్విన గోతుల వైపు పోయే అడవిదున్నల మందను చేయెత్తి ఆపే వనదేవత. మొదటివాడు అడవిని చూసి ఊరుకోక దానికి కొంత ఇస్తాడు. రెండవది జంతువు పక్షాన నిలుస్తుంది. సత్యచరణ్‌కు ఈ రెండు శక్తులూ లేవు.

నవలకు పరిమితి లేకపోలేదు. అందులోని పక్షులు తరచు వాతావరణంలో భాగంగా వస్తాయి. ఒక్కొక్క పక్షి గూడు, తిండి, రాకపోకలు అతని దృష్టికి ప్రధానం కావు. 1941లో వెలువడిన సలీం అలీ భారతీయ పక్షుల గ్రంథం ఆ పని చేసింది. నవల మనసును కదిలిస్తే, ఆ గ్రంథం కన్నుకు శిక్షణ ఇచ్చింది. ఒకటి లేక రెండవది అసంపూర్ణం: శిక్షణ లేని కరుణ కోయిలను గాయని చేస్తుంది, కరుణ లేని శిక్షణ పక్షిని పట్టికలో అంకెగా మారుస్తుంది.

ఈ రెండింటికీ ముందునుంచీ ఈ నేలకు సొంతమైన చూపు మరొకటి ఉంది. సంతాలుల 'బాహా' పండుగలో సాలపుష్పాన్ని దేవతలకు అర్పించేవరకు కొత్త పువ్వు సిగలో తురుముకోరు. ముండా, ఒరావ్ ప్రజలకు 'సర్హుల్' అటువంటిదే. ఆ నిగ్రహమే ఒక విధమైన పరిశీలన. దళ్మాపై ఏటా సాగే 'సేంద్రా' వేట కూడా ఆదివాసుల ఆచారమే. ఆచారాన్ని గౌరవిస్తూనే జంతువును కాపాడడం ఎలా అన్న ప్రశ్న అటవీశాఖనూ ఆదివాసి పెద్దలనూ చర్చకు కూర్చోబెట్టింది. టాంఢ్‌బారో కథ చెప్పుకున్న సమాజాలలోనే ఆ ప్రశ్నకు సమాధానం వెదకడం సముచితం.

దస్త్రంపై సంతకం చేసే అధికారికి 'వనవాసి' ఒక అద్దం. సత్యచరణ్ దుర్మార్గుడు కాడు. రసజ్ఞుడు, దయగలవాడు, విధినిర్వహణలో నిష్ఠ గలవాడు. అడవి నశించడానికి దుర్మార్గుడే అవసరం లేదని చూపడంలోనే ఈ నవల బలం ఉంది. దళ్మా నీటిగుంట ఒడ్డున వసంతవేళ నిలిచే ప్రతి సందర్శకునికీ సత్యచరణ్ పోలిక కొంత ఉంటుంది.