పాత రేడియో గుయ్‌మంటుంటే

ఇబ్రహీంపట్నంలో అటక మీంచి దించిన వాల్వు రేడియో మళ్లీ పలికిందంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ అంటే హైదరాబాద్ కేంద్రమని పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. తీరా ముల్లు అక్కడికి చేరాక మాటల వెనకాల తెంపు లేకుండా గుయ్‌మని మోత. స్పీకర్ పోయిందని తేల్చేసి సెట్టును పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మోత స్పీకర్‌లోంచి వినిపిస్తుందే గానీ, పుట్టేది దాదాపు ఎప్పుడూ వేరేచోటే.

పాత మెకానిక్కులు సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకముందే చెవి పెట్టేవారు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా మోత అలాగే ఉంటే తప్పు పవర్ సప్లైలోనో, చివరి వాల్వు దగ్గరో ఉంది. వాల్యూమ్‌తో పాటే పెరుగుతుంటే వాల్యూమ్ కంట్రోల్‌కు ముందున్న వాల్వునో, ఎర్త్ ఊడిన షీల్డు వైరునో వెతకాలి. మీటరు ముట్టుకోకుండానే ఇంత తేలుతుంది. ఈ విద్యకున్న అసలు విలువ అదే.

మోత స్థాయి కూడా సంగతి చెబుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫుల్ వేవ్ రెక్టిఫయర్ ఉన్న సెట్టులో ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోతే వచ్చేది 100 హెర్ట్జ్ మోత. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే వినిపించేదీ ఆ స్థాయే. అంతకన్నా లోతుగా పలికితే వాల్వులో హీటర్ నుంచి కాథోడ్‌కు లీకేజీ ఉందేమో చూడాలి.

ఏళ్ల తరబడి మూలన పడ్డ సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో కలపాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. అదే వెలుగుతో నిలిచిపోతే లోపల షార్టు. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లలో చాసిస్‌కే కరెంటు ఉండొచ్చు. స్విచ్ తీసేశాక కూడా కండెన్సర్లలో 200 వోల్టుల పైనే మిగిలి ఉండొచ్చు; రెసిస్టర్ పెట్టి దింపాకే చెయ్యి పెట్టాలి.

కండెన్సర్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పాతదాని మీద 32 మైక్రోఫారడ్ అని ఉంటే 33, 450 వోల్టులది చాలు. ఎక్కువైతే మంచిదే కదా అని 100 వేస్తే స్విచ్ వేసిన ప్రతిసారీ రెక్టిఫయర్ వాల్వుకు దెబ్బ. చెడినదాన్ని అలాగే ఉంచి దాని మీదే కొత్తది కలపడం తప్పు. శ్రద్ధ ఉన్నవాళ్లు పాత అల్యూమినియం డబ్బా ఖాళీ చేసి కొత్తదాన్ని అందులోనే దాస్తారు. పైనుంచి చూస్తే కంపెనీ రూపం చెక్కుచెదరదు.

స్పీకర్‌నే అనుమానించాల్సిన సందర్భం ఒకటుంది. అప్పటి హైదరాబాద్ కేంద్రమైన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. అంతకుముందు నాటి సెట్లు కొన్నింట్లో స్పీకర్‌కు శాశ్వత అయస్కాంతం బదులు ఫీల్డ్ కాయిల్ ఉంటుంది. ఫిల్టర్‌లో చోక్ పనీ అదే చేస్తుంది. దాని మోతను కొట్టేయడానికి వాయిస్ కాయిల్‌తో సీరీస్‌లో కొద్ది చుట్ల చిన్న కాయిల్ పెట్టేవారు. కోన్ మార్చేటప్పుడు దాని కొసలు తారుమారైతే మోత తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. కొత్త కండెన్సర్లు వేసినా లొంగకపోతే ఆ రెండు కొసలు విప్పి, అటుదిటు ఇటుదటు మార్చి అతికి చూడాలి.