విజ్ఞానసర్వస్వమునఁ గవిజీవితరచన

కవిని స్తుతించుట వేఱు, కవిచరిత్రము వ్రాయుట వేఱు. ఈ భేదము మనవారికిఁ గ్రొత్త కాదు. గురుజాడ శ్రీరామమూర్తిగారు 'కవిజీవితములు' కూర్చునపుడు జనశ్రుతిగా వచ్చుచున్న కథలను విడువక చేర్చుకొనిరి. కందుకూరి వీరేశలింగముగారు 'ఆంధ్రకవులచరిత్రము'న నట్టి కథలఁ బెక్కింటిని గ్రంథస్థసాక్ష్యముతోఁ బోల్చి పరీక్షింప యత్నించిరి. మొదటివారు కథలను నశింపనీయక కాపాడిరి. రెండవవారు వానిని విచారణకుఁ దెచ్చిరి. ఇరువురకును మన మృణపడియున్నాము.

నేఁడీ పని యధికముగా నంతర్జాలమున జరుగుచున్నది. 2003వ సంవత్సరము డిసెంబరునెలలోఁ దెలుఁగు వికీపీడియా యారంభమైనది. దానియందు వ్రాయుటకును, ఒరులు వ్రాసినదానిని దిద్దుటకును నెల్లవారికి నధికారము కలదు. అయినను నియమములు లేకపోలేదు. వ్రాఁత తటస్థముగా నుండవలయును. ప్రతివిషయమునకును బరిశీలింపఁదగిన ప్రమాణము చూపవలయును. వ్రాయువాఁడు తన స్వంతపరిశోధనము నందుఁ జొప్పింపరాదు. ఈ మూఁడును దాని మూలసూత్రములు. బాలురు పాఠమునకును, ఉపాధ్యాయు లుపన్యాసమునకును, పత్రికలవారు జయంతివ్యాసములకును దానినే మొదట విప్పి చూచుచున్నారు. కాఁబట్టి యందలి కవిజీవితములను దిద్దువా రే పద్ధతి నవలంబింపవలయునో విమర్శించుట యవసరము. దీనికి బమ్మెర పోతన చరిత్రము నుదాహరణముగాఁ గొనుచున్నాను. అందు స్తుతియుఁ, గథయు, దేశాభిమానమును మూఁడును బెనఁగొనియున్నవి.

మొదట స్తుతివిషయము. "భక్తశిఖామణియు, సహజకవియు, నాంధ్రులయదృష్టఫలమును నగు పోతన" యని యారంభించిన వ్యాసము చదువరికిఁ దెలుపున దేమియును లేదు. ఈ విశేషణము లసత్యములని నా మతము కాదు. అవి వ్రాయువాని హృదయమును దెలుపునుగాని పోతనచరిత్రమును దెలుపవు. వానిని దొలఁగించుట కవిపట్ల ననాదరమని కొందఱకుఁ దోఁపవచ్చును. అది సరికాదు. స్కంధాంతగద్యములయందుఁ బోతన తన్నుఁ 'సహజపాండిత్య' బిరుదముతోఁ బేర్కొనెనని వ్రాసినచో నొక విషయము తెలియును. ఆ విషయమునుండియే గౌరవమును గలుగును. తటస్థత యనఁగా గౌరవము నణఁచుట కాదు. గౌరవమునకు హేతువును జూపి, తీర్పును జదువరికి విడుచుట.

ఇఁకఁ బ్రమాణవిషయము. పోతననుగూర్చి మనకుఁ దెలిసినదంతయు నొక్కచోటినుండి వచ్చినది కాదు. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, యన్న తిప్పన యనుట కవివాక్యము, భాగవతావతారికలో నున్నది. చంద్రగ్రహణకాలమున గంగాస్నానము చేసి ధ్యానించుచుండఁగా శ్రీరాముఁడు కానవచ్చి భాగవతమును దెనిఁగింప నాజ్ఞాపించె ననుటయుఁ గవివాక్యమే. విజ్ఞానసర్వస్వమున "శ్రీరాముఁడు సాక్షాత్కరించెను" అని వ్రాయుట తగదు. "ఇది కవికల్పన" యని వ్రాయుటయుఁ దగదు. మొదటిది భక్తుని తీర్పు, రెండవది హేతువాది తీర్పు. "అని కవి యవతారికలోఁ జెప్పికొనెను" అను నొక్కమాట రెండు దోషములను బరిహరించును. ఇంత చిన్నమాటలో నింత బలమున్నది. చెప్పినవాఁ డెవ్వఁడో చెప్పుటయే తటస్థతకుఁ బ్రాణము.

భాగవతమందలి యన్యకర్తృకభాగముల సంగతి చూతము. పంచమస్కంధము గంగనయు, షష్ఠము నేర్చూరి సింగనయు, నేకాదశద్వాదశస్కంధములు వెలిగందల నారయయు రచించిరి. ఇది యా యా స్కంధముల గద్యములవలనఁ దెలియు విషయము. ఏల రచింపవలసివచ్చెననఁగా, సర్వజ్ఞసింగభూపాలుఁడు గ్రంథమును దన కంకిత మిమ్మని యడిగెననియు, పోతన యియ్యకుండుటచే నతఁడు దానిని భూమిలోఁ బాతించెననియు, మరల వెలికిఁ దీయఁగాఁ గొన్నిభాగములు శిథిలమైయుండెననియుఁ జెప్పుదురు. కర్తృత్వము గద్యసిద్ధము, కారణము జనశ్రుతి. ఈ రెంటిని నొకే వాక్యమునఁ జేర్చినచో గద్యమునకుఁగల ప్రామాణ్యము కథకును సంక్రమించును. చదువరి గద్యమునుబట్టి కథను నమ్మును. కావున రెండు వాక్యములుగా విడఁదీసి, రెండవదానికి "అని ప్రతీతి" యను గుఱుతు పెట్టవలయును.

కాలనిర్ణయమున దోషము మఱింత సూక్ష్మము. పోతన 1450 మొదలు 1510 వఱకు జీవించెనని పలుచోట్ల వ్రాసియుందురు. శ్రీనాథుని కాలము 1365 మొదలు 1441 వఱ కనియు నట్లే వ్రాయుదురు. శ్రీనాథుఁడు పోతనకు బావమఱఁది యనియు, పోతన పొలము దున్నుచుండఁగాఁ బల్లకిలో వచ్చి సంభాషించెననియుఁ గథ కలదు. ఈ మూఁడును నొకచోటఁ జేర్చినచో, తాను మరణించిన తొమ్మిదేండ్లకుఁ బుట్టినవానితో శ్రీనాథుఁడు మాటలాడవలసివచ్చును. సంవత్సరములు తప్పో కథ తప్పో నిర్ణయించుట యిచటఁ బ్రస్తుతము గాదు. అంకెల రూపమున నున్నంతమాత్రమున నూహ నిశ్చయము కాదనునదియే ప్రస్తుతము. "15వ శతాబ్ది" యని మాత్రము వ్రాసి, తక్కిన నిర్ణయములను వానిని జేసినవారి పేరిట నుంచుట క్షేమము.

స్థలవివాద మన్నిటికంటెఁ గఠినము. అవతారికలో 'ఏకశిలానగరము' పేర్కొనఁబడినది. అది యోరుగల్లని యొకపక్షము. ఓరుగల్లున కేకశిలానగరమను పేరు ప్రసిద్ధము. కవి గృహనామమును దాల్చిన బమ్మెరగ్రామము నేఁటి జనగామజిల్లాలోఁ గలదు. అది కడపమండలమందలి యొంటిమిట్ట యని రెండవపక్షము. అచటి కోదండరామాలయమున సీతారామలక్ష్మణవిగ్రహము లొక్కశిలయందు మలఁచఁబడినవని చెప్పుటయుఁ, గవి రామభక్తుఁ డగుటయు వారి కాధారములు. వీరేశలింగముగారును, ఆ యాలయము నుద్ధరించిన వావిలికొలను సుబ్బారావుగారును నీ పక్షమువారు. 2014లో రాష్ట్రము విభక్తమైన పిమ్మట నిరుప్రాంతములవారి యభిమానమును నిందుఁ దోడైనది. ఒకరు వ్రాసినదాని నొకరు కొట్టివేయుటకు నింతకంటె ననువైన విషయ ముండదు.

ఇచట ననేకులు తటస్థత యనఁగాఁ బాలు సమముగాఁ బంచుట యని భ్రమపడుదురు. అది తటస్థత కాదు, తగవు తీర్చుట. నేఁటి పండితులలోఁ బలువు రోరుగల్లుపక్షము నంగీకరించుచున్నారు. ఆ సంగతి చెప్పవలయును. రెండవపక్షమును మహావిద్వాంసులు సమర్థించిరి. ఆ సంగతియుఁ జెప్పవలయును. ఏపక్షమున కెంత బలముండునో దానికంత చోటీయవలయును. బలము నెఱుఁగక సమముగాఁ బంచినచో దుర్బలపక్షమున కన్యాయముగా లాభము కలుగును. బలవత్పక్షమును మాత్రమే నిలిపినచో విచారణచరిత్రమే లోపించును.

ప్రమాణముల సంఖ్యనుగూర్చి యొక హెచ్చరిక చేయవలసియున్నది. తాళపత్రప్రతులను సంస్కరించువా రెఱిఁగిన న్యాయమే యిది. పదిప్రతులలో నొక పాఠ మున్నను, ఆ పదియు నొక్క మాతృకకుఁ బుత్రికలైనచో సాక్ష్య మొక్కటియే. అంతర్జాలమున నిట్టి పుత్రికలు దినదినము పుట్టుచున్నవి. విజ్ఞానసర్వస్వమునందలి యప్రమాణవాక్యము నొక పత్రిక చూచి వ్రాసికొనును. పిదప నొకఁ డా పత్రికనే యా వాక్యమునకుఁ బ్రమాణముగాఁ జూపును. తనయుఁడు తండ్రికి జన్మపత్రము వ్రాసినట్లగును. కావున నధోజ్ఞాపికలు పదియున్నవని తృప్తిపడక, వాని వంశవృక్షమును బరిశీలింపవలయును. ఈ పని పరిష్కర్తలకు నేర్పనక్కఱలేదు.

స్వంతపరిశోధనమును నిషేధించు నియమముపై మనపండితుల కొక యాక్షేపము కలదు. "ముప్పదియేం డ్లీ విషయమునఁ గృషిచేసిన నాకుఁ దెలిసినది నేను వ్రాయఁగూడదు, నిన్న నొకఁడు పత్రికలో వ్రాసినది ప్రమాణమఁట" యని వారు నొచ్చుకొందురు. ఈ బాధ నిజమైనదే. కాని నియమములేనిచో నిజమైన పండితునకును, బండితుఁడనని చెప్పికొనువానికిని భేద మెవ్వరు నిర్ణయింపవలయును? క్రొత్తవిషయము మొదటఁ బరిషత్పత్రికలయందుఁ బ్రకటితమై, తుల్యులచేఁ బరీక్షితమై, పిదప విజ్ఞానసర్వస్వమునఁ జేరుటయే క్రమము. ఈ నియమమువలనఁ బరిశోధనపత్రికల యవసరము హెచ్చుచున్నదేకాని తగ్గుటలేదు. అచ్చు దొరకని పూర్వగ్రంథములను సులభముగా లభించునట్లు చేయకుండుట మాత్రము మన లోపమే. ప్రమాణము దొరకనిచోటఁ గథయే ప్రమాణమై కూర్చుండును.

ఇంతవఱకుఁ జెప్పిన పద్ధతిని దిద్దినచోఁ బోతనచరిత్రముయొక్క యారంభ మిట్లుండవచ్చును: "బమ్మెర పోతన 15వ శతాబ్దికిఁ జెందిన తెలుఁగుకవి. వ్యాసప్రోక్తమగు భాగవతమును దెనిఁగించెను. అందుఁ గొన్నిస్కంధములు గంగన, సింగన, నారయ యనువారు రచించిరి. తలిదండ్రుల పేర్లు లక్కమాంబ, కేసన యని కవియే చెప్పెను. కవి పేర్కొనిన యేకశిలానగర మోరుగల్లని పలువురును, ఒంటిమిట్ట యని కొందఱును దలంతురు. శ్రీనాథునితోడి బాంధవ్యము మొదలగు కథలు జనశ్రుతివలన వచ్చినవి."

ఇందు విశేషణ మొక్కటియు లేదు. అయినఁ గవి కేమియుఁ గొఱఁత కలుగలేదు. కథ లన్నియు నున్నవి. ఏదియుఁ జరిత్రమని వేషము ధరింపలేదు. రెండుప్రాంతములవారును దమపక్షము నిందుఁ జూచికొనఁగలరు. భాగవతమును జదివినవానికిఁ బోతనమహత్త్వము నొరులు చెప్పనక్కఱలేదు. చదువనివానికి విశేషణములచేఁ దెలియదు. కావునఁ బాఠశాలాపండితులు తమ యూరికవి చరిత్రమును, తమ జిల్లాశాసనములను, తమకుఁ దెలిసిన ముద్రితగ్రంథములను ముందిడుకొని, యొక్కొక్కవాక్యమునకు సాక్షి యెవఁడని యడుగుచు నీ వ్యాసములను దిద్దఁ బూనుకొందురుగాక. వారు విడిచినచోటఁ దెలియనివారు వ్రాయుదురు. ఆ వ్రాఁతనే మన బాలురు వల్లింతురు.