దిక్కులేని దయ్యాలకు విందు

క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో, చైనాలోని ఝెంగ్ అనే చిన్న రాజ్యంలో అధికారం కోసం కొట్లాట జరిగి బోయూ అనే ప్రభువు హతమయ్యాడు. కొన్నేళ్ల తర్వాత అతను దయ్యమై తిరుగుతున్నాడని పుకారు లేచింది. "అదిగో బోయూ!" అని ఎవరైనా అంటే చాలు, జనం పరుగో పరుగు. మంత్రి జిచాన్ భూతవైద్యుణ్ణి పిలిపించలేదు. బోయూ కొడుక్కి పదవి ఇచ్చి, ఆ వంశాన్ని మళ్లీ నిలబెట్టాడు. తండ్రికి నైవేద్యం పెట్టే ఇల్లు ఏర్పడింది, దయ్యం గొడవ సద్దుమణిగింది. పోయినవాడికి చేరుకునే చోటంటూ ఉంటే ఎవరినీ పీడించడని జిచాన్ వివరించినట్టు 'జువో ఝువాన్' అనే ప్రాచీన చరిత్ర గ్రంథం చెబుతుంది.

చైనా జానపద విశ్వాసాలకు ఇదే ఇరుసు. అక్కడ దయ్యం కావడానికి దుర్మార్గుడై ఉండనక్కర్లేదు. పెట్టేవాళ్లు లేకపోతే చాలు. పిల్లల్లేకుండా పోయినవారు, యుద్ధంలోనో నీళ్లలోనో పరాయి ఊళ్లోనో ప్రాణం విడిచినవారు అలా మిగిలిపోతారు. తైవాన్ పల్లెల్లో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త ఆర్థర్ వోల్ఫ్ 1974లో రాసిన వ్యాసంలో దీన్ని పట్టుకున్నాడు: ఒక ఇంటి పితృదేవత మరో ఇంటికి దయ్యమే.

వీళ్లందరికీ చాంద్రమానంలో ఏడో నెల సెలవుల్లాంటిది. ఆ నెలలో పాతాళం తలుపులు తెరుచుకుంటాయని నమ్మకం. 15వ రోజు పెద్ద విందు. తావోమతస్థులకు అది ఝాంగ్‌యువాన్, బౌద్ధులకు యూలాన్‌పెన్. బౌద్ధుల కథలో నాయకుడు మన దేశపు బుద్ధ శిష్యుడు మౌద్గల్యాయనుడే, చైనాలో అతని పేరు ములియన్. ప్రేతలోకంలో ఉన్న తల్లికి అతను అన్నం పెడితే అది నోటికి చేరేలోపే నిప్పుకణికలైపోయింది. వర్షావాసం ముగించిన భిక్షువులందరికీ దానం చేయమని బుద్ధుడు ఉపాయం చెప్పాడు.

విందు పెట్టడంలోనూ పద్ధతులున్నాయి. పితృదేవతలకు ఇంట్లో, దయ్యాలకు గుమ్మం బయట. దేవుళ్లకు బంగారు రేకు అద్దిన కాగితాలు కాలిస్తే, దయ్యాలకు వెండి రేకువి. తైవాన్‌లో ఆ బల్ల పక్కన నీళ్ల పళ్లెం, తువ్వాలు కూడా పెడతారు. దూరం నుంచి వచ్చినవారు ముఖం కడుక్కోవద్దూ! వాళ్లను దయ్యాలని పిలవడం మర్యాద కాదు, 'మంచి అన్నదమ్ములు' అనాలి. ఈ మధ్య కాగితపు కార్లు, ఫోన్లు కూడా కాల్చి పంపుతున్నారు. ఛార్జర్ మరిచిపోని జాగ్రత్తపరులూ ఉన్నారు.

తినలేని దయ్యాల సంగతి వేరు. వాటి గొంతు సూదంత సన్నం. అందుకే బౌద్ధ పురోహితులు చేతిముద్రలు పడుతూ, సంస్కృతం నుంచి వచ్చిన మంత్రాలు చదువుతూ ముందు గొంతు తెరిపిస్తారు, ఆ తర్వాతే కాస్త అన్నాన్ని అందరికీ సరిపడేలా పెంచుతారు.

ఈ సంప్రదాయం విలువ చూడాలంటే తైవాన్ ఉత్తర తీరంలోని కీలుంగ్ రేవుకు వెళ్లాలి. 1850ల మొదట్లో, ఫుజియన్‌లోని ఝాంగ్‌ఝౌ, చువాన్‌ఝౌ ప్రాంతాల నుంచి వలస వచ్చినవారు అక్కడ కొట్టుకుని చచ్చారు. ఇరుపక్షాల ఎముకలనూ ఒకేచోట పూడ్చారు, అక్కడ గుడి వెలిసింది. పెద్దలు కూర్చుని ఒక ఉపాయం ఆలోచించారు. ఏ ఊరివాళ్లన్నది పక్కనపెట్టి, 1855 నుంచి ఇంటిపేర్ల వారీగా ఏటా ఒక వంశం విందు బాధ్యత తీసుకోవాలి. తలలు పగలగొట్టుకునే బదులు ఊరేగింపుల్లో పోటీపడాలి.

ఆ వంతులు నేటికీ నడుస్తున్నాయి. ఎత్తైన స్తంభానికి కట్టిన దీపాలు నేలమీది ఆత్మలను పిలుస్తాయి. స్తంభం ఎంత ఎత్తుంటే అంత దూరం నుంచి వస్తారట, కాబట్టి పెట్టే స్తోమత చూసుకుని ఎత్తాలి. నీళ్లలో పోయినవారి కోసం 14వ రోజు రాత్రి ఇళ్ల ఆకారంలో చేసిన కాగితపు దీపాలను సముద్రంలోకి వదిలి నిప్పంటిస్తారు. ఎవరి దీపం ఎక్కువ దూరం పోతే ఆ వంశానికి అంత అదృష్టం. పగతో చచ్చినవాళ్లకు కలిపి అన్నం పెట్టించిన ఈ ఏర్పాటు, ఎన్నో రాజీ పత్రాలకన్నా గట్టిగా నిలిచింది.

సింగపూర్‌లో ఏడో నెలంతా వీధి వేదికలపై 'గెటాయ్' పాటకచేరీలు సాగుతాయి. అక్కడుండే తెలుగువారు, ఆ రోజుల్లో వెళ్లేవారు తప్పక చూడండి. ముందు వరుస ఖాళీగా ఉంది కదా అని మాత్రం కూర్చోకండి, అది 'మంచి అన్నదమ్ముల' కోసం వదిలిన వరుస.