ఐదువందల మీటర్ల లెక్క

65వ నంబరు జాతీయ రహదారి మీద పటాన్‌చెరు దాటాక వచ్చే ఇస్నాపూర్ చౌరస్తాను షిఫ్టు వదిలే వేళ చూడాలి. పాశమైలారం పారిశ్రామికవాడకు వెళ్లొచ్చే కంటైనర్ లారీలు, కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు, నడిచి రోడ్డు దాటే కార్మికులు... అందరిదీ అదే దారి. ఇలాంటి చోట ప్రమాదం జరిగితే డ్రైవర్ నిర్లక్ష్యమని రాసి ఊరుకోవడం సులువు. రోడ్డును కూడా నిలదీసే పద్ధతి ఒకటుంది. అదే బ్లాక్ స్పాట్ లెక్క. దాని పనితనం మెచ్చుకోదగ్గది.

జాతీయ రహదారులకు కేంద్ర రవాణా శాఖ పెట్టిన కొలత ఇది: సుమారు 500 మీటర్ల నిడివిలో, మూడేళ్లలో, ప్రాణం పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరిగినా, మొత్తం 10 మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. ఏ అంకే ఊరికే పెట్టింది కాదు. ఒక్క ఏడాది లెక్క మోసం చేస్తుంది, మూడేళ్లది అంత తేలిగ్గా చేయదు. 500 మీటర్లంటే చౌరస్తాతో పాటు బ్రేకు వేయాల్సిన దూరం, దగ్గరి యూటర్న్, బస్టాప్ కూడా లెక్కలోకి వస్తాయి.

అయితే ప్రమాదం ఎక్కడ జరిగిందో కచ్చితంగా తెలియాలి. ఎఫ్‌ఐఆర్‌లో స్టేషన్ నుంచి ఎంత దూరం, ఏ దిక్కు అని ఒక గడి ఉంటుంది. కేసుకు అది చాలు, ఈ లెక్కకు చాలదు. ఐఐటీ మద్రాస్, ఎన్‌ఐసీ రూపొందించిన ఐరాడ్ అనే రోడ్డు ప్రమాదాల డేటాబేస్ 2021 నుంచి ఆ లోటు తీరుస్తోంది. పోలీసు ఘటనా స్థలంలోనే ఫోన్‌లో ఫొటోలు, అక్షాంశ రేఖాంశాలు ఎక్కిస్తాడు. బండి సంగతి రవాణా శాఖ, రోడ్డు సంగతి ఇంజినీరు, గాయాల సంగతి ఆసుపత్రి అదే నమోదులో నింపుతాయి.

బ్లాక్ స్పాట్‌గా తేలిన చోట డివైడర్ సందు మూయడం, రంబుల్ స్ట్రిప్స్ వేయడం వెంటనే అయ్యే పనులు. అండర్‌పాస్, సర్వీసు రోడ్డు ఆలస్యమవుతాయి. అసలు నేర్పు ఆ తర్వాత కావాలి. ప్రమాదాలు బాగా పెరిగిన చోటునే ఎంచుకుంటాం కనుక, ఏమీ చేయకపోయినా అక్కడ కొంత తగ్గే అవకాశం ఉంది. ఆ తగ్గుదలను మరమ్మతు ఖాతాలో వేయకూడదు. పని జరగని అలాంటి మరో చౌరస్తాతో పోల్చాలి. మూసిన సందు దగ్గరి ప్రమాదాలు పక్క యూటర్న్‌కు మళ్లాయేమో చూడాలి. ఓపికగా చేయాల్సిన ఈ పనిని చాలాచోట్ల మధ్యలో వదిలేస్తున్నారు.

జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఒక్క విన్నపం. మరమ్మతుకు ముందు మూడేళ్ల అంకెలు, తర్వాతి మూడేళ్ల అంకెలు అదే చౌరస్తాలో బోర్డు మీద రాయించండి. రోజూ అక్కడ రోడ్డు దాటే కార్మికుడికి అవి తెలియాలి.